హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు? మీరే లెక్క వేసుకునే పద్ధతి

అక్క డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. అమ్మానాన్నలకి మొదటిసారి టికెట్లు తీస్తున్నప్పుడు నాన్న ఒకటే అడిగారు: "ఎన్ని గంటల ప్రయాణం రా?"

నెట్‌లో ఒక సైటు పదహారున్నర గంటలంది. టికెట్ మీద 23 గంటల పైన ఉంది. అంతకుముందే వెళ్లొచ్చిన పక్కింటి అంకుల్ "ఒకటింపావు రోజు పోతుందండీ, తయారై వెళ్లండి" అన్నారు. ముగ్గురిలో ఎవరిది తప్పని వెతికాను. ఎవరిదీ తప్పు కాదు. సైటు దూరాన్ని వేగంతో భాగించింది, టికెట్ ఎక్కడం నుంచి దిగడం దాకా లెక్కపెట్టింది, అంకుల్ తన గుమ్మం నుంచి కూతురి గుమ్మం దాకా చెప్పారు. అసలు తమాషా ఏమిటంటే, సైటు చెప్పిన పదహారున్నర గంటలకి వెళ్లే విమానమే లేదు. ఈ రెండు ఊళ్ల మధ్య ఆగకుండా నడిచే ఫ్లైట్ లేదు కదా!

ఈ మూడు లెక్కలూ ఎలా వేసుకోవాలో వరసగా చెబుతాను. ఉదాహరణకి డాలస్ తీసుకున్నా, ఏ రెండు ఊళ్లకైనా ఇదే పద్ధతి.

1. ముందు రెండు చుక్కలు సరిగ్గా పెట్టండి

ఊరి పేరు కొడితే మ్యాప్ ఊరి నడిమధ్యన చుక్క పెడుతుంది. విమానం అక్కణ్నుంచి ఎగరదు. తిరుపతి ఎయిర్‌పోర్టు రేణిగుంటలో, విజయవాడది గన్నవరంలో, రాజమండ్రిది మధురపూడిలో ఉన్నాయి. హైదరాబాద్‌ది 2008 మార్చి దాకా బేగంపేట, ఆ తర్వాత శంషాబాద్.

అందుకని ఊరి పేరుతో కాకుండా ఎయిర్‌పోర్టు మూడక్షరాల కోడ్‌తో వెతకండి. శంషాబాద్ కోడ్ హెచ్‌వైడీ. డాలస్ దగ్గర జాగ్రత్త, అక్కడ రెండున్నాయి. మనవాళ్లు దిగే పెద్ద అంతర్జాతీయ ఎయిర్‌పోర్టు డీఎఫ్‌డబ్ల్యూ. డీఏఎల్ అంటే ఊరికి దగ్గరగా ఉన్న లవ్ ఫీల్డ్, అది దేశీయ విమానాలది. పేరులో డాలస్ ఉంది కదా అని డీఏఎల్ నొక్కితే లెక్క మొదట్లోనే దారి తప్పుతుంది. న్యూయార్క్, లండన్‌లకైతే ఈ తలనొప్పి ఇంకా ఎక్కువ.

2. దగ్గరి ఊళ్లకి దూరం చేత్తోనే తేల్చొచ్చు

దగ్గరి దూరాలకి యాప్ అక్కర్లేదు. స్కూల్లో చదివిన అక్షాంశాలు, రేఖాంశాలు చాలు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే దాదాపు 111 కిలోమీటర్లు. రేఖాంశం డిగ్రీ మాత్రం భూమధ్యరేఖ దగ్గర 111 ఉండి, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. మన తెలుగు నేల మీద, 17 డిగ్రీల చిల్లర దగ్గర, అది సుమారు 106 కిలోమీటర్లు.

శంషాబాద్ 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. విశాఖ నగరంలోని ఎయిర్‌పోర్టు 17.72 ఉత్తరం, 83.22 తూర్పు. పైకి 0.48 డిగ్రీలు, అంటే 53 కిలోమీటర్లు. పక్కకి 4.79 డిగ్రీలు, అంటే 508 కిలోమీటర్లు. ఇక పైథాగరస్: రెండింటి వర్గాలూ కలిపి వర్గమూలం తీస్తే 511. హైదరాబాద్–విశాఖ గాలిలో దూరం అదే. రోడ్డు మీద దాదాపు 620, సికింద్రాబాద్ నుంచి వందేభారత్ వెళ్లే పట్టాల మీద 699. ఊళ్లు అవే రెండు, దూరాలు మాత్రం మూడు. ఎవరైనా కిలోమీటర్లు చెబితే అవి గాలివో, రోడ్డువో, పట్టాలవో అడగడం అందుకే.

చేత్తో ఓపిక లేకపోతే కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, మొదటి ఎయిర్‌పోర్టు మీద రైట్ క్లిక్ చేసి, దూరం కొలిచే ఆప్షన్ ఎంచుకుని, రెండో ఎయిర్‌పోర్టు మీద నొక్కండి. ఫోన్‌లోనైతే చోటు మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే పిన్ పడుతుంది, దాని వివరాల్లో అదే ఆప్షన్ ఉంటుంది. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైటులో రెండు కోడ్‌లు మధ్యలో చిన్న గీతతో కొడితే దూరంతో పాటు దారి బొమ్మ కూడా వస్తుంది.

సైటు ఇచ్చిన అంకె ఏ కొలతలో ఉందో చూడకుండా కదలకండి. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు. విమానాలవాళ్లు వాడే నాటికల్ మైలు 1.852. వాట్సాప్‌లో ఎవరో పంపిన "దూరం 7,800" కిలోమీటర్లా నాటికల్ మైళ్లా అన్నది తెలియకపోతే తేడా దాదాపు రెండింతలు.

3. దూరం ఊళ్లకి గ్లోబు, దారం

పైథాగరస్ లెక్క వెయ్యి కిలోమీటర్లు దాటాక మెల్లగా మోసం చేస్తుంది. ఎందుకంటే భూమి బల్లపరుపుగా లేదు. మా పాపకి కొన్న ప్లాస్టిక్ గ్లోబు ఇక్కడ పనికొచ్చింది. కుట్టు దారం ఒక కొసని హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కి పట్టి, రెండో కొసని డాలస్ దాకా లాగి బిగించాను. దారం యూరప్ మీదుగా పోతుందనుకున్నాను. బిగించగానే జారి, నేరుగా పైకెళ్లి, ఉత్తర ధ్రువం పక్కన ఆగింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని వచ్చి మరీ చూశారు.

కారణం తేలికే. హైదరాబాద్ 78 తూర్పు, డాలస్ 97 పడమర. మధ్యలో 175 డిగ్రీల పైన తేడా, అంటే దాదాపు భూమికి అవతలి వైపు. అవతలి వైపుకి దగ్గరి దారి నెత్తి మీదుగానే. లెక్క కడితే ఆ దారి 85 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, ధ్రువానికి దాదాపు 500 కిలోమీటర్ల దగ్గరికి వెళుతుంది. దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. గోడ మీద వేలాడే మ్యాప్‌లో స్కేలు పెట్టి కొలిస్తే ఇది ఎప్పటికీ తేలదు.

ఇది కాగితం మీది మాటేమీ కాదు. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మొత్తం మహిళా పైలట్లే నడిపిన ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. ఆ దూరం కూడా దాదాపు 14,000 కిలోమీటర్లే.

మనకి డాలస్‌కి అలాంటి ఫ్లైట్ లేదు కాబట్టి, అసలు వెళ్లే ముక్కల్ని విడివిడిగా కొలిచి కలపాలి. దుబాయ్ మీదుగా అనుకుందాం. హైదరాబాద్–దుబాయ్ దాదాపు 2,550. దుబాయ్–డాలస్ దాదాపు 12,900. మొత్తం 15,450. నేరు దారి కంటే వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ. దుబాయ్ అంటే చుట్టు తిరుగుడు అనుకునేవాళ్లకి ఈ అంకె చూపించండి.

4. దూరాన్ని గంటల్లోకి మార్చడం

ఇలాంటి సైట్లు కొన్ని దూరాన్ని 900తో భాగించి, పైన అరగంట కలిపి వదిలేస్తాయి. 14,400ని 900తో భాగిస్తే 16, అరగంట కలిపితే పదహారున్నర. నాన్నకి దొరికిన జవాబు అదే. కాకిలెక్కగా పర్వాలేదు గానీ, విమానాన్ని బట్టి వేగం మారుతుంది.

రెండు పంకాల ఏటీఆర్ గంటకి 500 కిలోమీటర్లు. దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటివి 830 దగ్గర. అమెరికా వెళ్లే బోయింగ్ 777, 787 లాంటి పెద్ద విమానాలు 900 దగ్గర. కానీ ఎక్కడం, దిగడం నెమ్మదిగా జరుగుతాయి కాబట్టి చిన్న దూరాల్లో సగటు తగ్గుతుంది. నేను దేశంలోపల 800తో, దూరప్రయాణాలకి 880తో భాగిస్తాను. ఆపైన 35 నిమిషాలు కలుపుతాను. గేటు వదిలి రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడటం, దిగాక మళ్లీ గేటు దాకా పాకడం, అన్నీ ఆ 35లో పోతాయి. టికెట్ మీది సమయం గేటు నుంచి గేటుకే గానీ, గాల్లో ఉన్న సమయం కాదు.

విశాఖకి 511ని 800తో భాగిస్తే 38 నిమిషాలు, 35 కలిపితే గంటా పదమూడు. టికెట్లు కూడా అటూఇటూగా అంతే చూపిస్తాయి. ఢిల్లీకి గాలిలో దాదాపు 1,265 కిలోమీటర్లు. 95 నిమిషాలకి 35 కలిపితే రెండుగంటలా పది. ఇదీ సరిపోతుంది. అదే దుబాయ్–డాలస్‌కి 15 గంటల పదిహేను నిమిషాలు వస్తుంది, టికెట్ మీద మాత్రం 16 పైనే ఉంటుంది. ఆ గంట ఎక్కడికి పోయింది?

5. గాలి, గగనతలం

ఆ గంటలో పెద్ద వాటా గాలిది. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి నది పారుతుంటుంది. చలికాలంలో దాని వేగం గంటకి 150, 200 కిలోమీటర్లు దాటడం మామూలే. అమెరికా వెళ్లేటప్పుడు ఎదురీత, వచ్చేటప్పుడు ఏటివాలు. అందుకే తిరుగు ప్రయాణం గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. హైదరాబాద్–దుబాయ్ లాంటి చిన్న దూరంలోనే వెళ్లేటప్పుడు దాదాపు 4 గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర.

"భూమి తిరుగుతోంది కదా, అందుకే తేడా" అని చెప్పేవాళ్లు మా ఇంట్లోనూ ఉన్నారు. కాదు. భూమితో పాటే గాలీ, అందులోని విమానమూ తిరుగుతున్నాయి. తేడా తెచ్చేది ఆ గాలి నదే.

ఇక రెండోది గగనతలం. దారం చూపించిన గీత మీద విమానం వెళ్లాలంటే కింద ఉన్న దేశాలు ఒప్పుకోవాలి. 2019లో ఫిబ్రవరి చివర్నుంచి జూలై మధ్య దాకా పాకిస్తాన్ తన గగనతలం మూసింది. మళ్లీ 2025 ఏప్రిల్ 24న భారత విమాన సంస్థలకి మూసేసింది. ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిర్ ఇండియా విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చి, కొన్ని ఇంధనం కోసం వియన్నాలో ఆగాయి. 2022 ఫిబ్రవరి తర్వాత అమెరికా, యూరప్ సంస్థలకి రష్యా మీద దారి లేదు. కాబట్టి ఊళ్లు అవే అయినా, ఎవరి విమానం అన్నదాన్ని బట్టి గంటలు మారతాయి. రెండేళ్ల కిందట ఎవరో చెప్పిన సమయాన్ని నమ్ముకోవద్దు.

6. టికెట్ మీది టైములు చదవడం

ఎక్కువమంది తడబడేది ఇక్కడే, నేనూ తడబడ్డాను. టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటుంది. హైదరాబాద్‌లో బయల్దేరేది మన టైము, దుబాయ్‌లో దిగేది దుబాయ్ టైము, డాలస్‌లో దిగేది డాలస్ టైము. వాటిని నేరుగా తీసివేస్తే వచ్చే జవాబుకి అర్థం లేదు.

నా పద్ధతి ఒక్కటే: అన్నిటినీ మన టైములోకి మార్చేయడం. దుబాయ్ టైముకి గంటన్నర కలపండి. డాలస్ టైముకి చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు కలపండి. మన దగ్గర గడియారం ఎప్పుడూ మారదు. వాళ్లు మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి జరుపుతారు. ఆ తేదీలకి అటూఇటూగా ప్రయాణం ఉంటే ఈ గంట చూసుకోవాలి.

లెక్క కోసం కొన్ని టైములు నేనే పెడతాను. జనవరిలో ఒక రోజు తెల్లవారుజామున 4:20కి హైదరాబాద్‌లో బయల్దేరి, 6:40కి దుబాయ్‌లో దిగారు. చూడ్డానికి రెండుగంటలా ఇరవై. 6:40కి గంటన్నర కలిపితే మన టైము 8:10. అంటే నిజంగా పట్టింది 3 గంటల 50 నిమిషాలు. దుబాయ్‌లో 9:50కి రెండో విమానం, మధ్యలో ఆగింది 3 గంటల 10 నిమిషాలు. అదే రోజు సాయంత్రం 4:05కి డాలస్. పదకొండున్నర కలిపితే మన టైము మర్నాడు తెల్లవారుజామున 3:35. దుబాయ్ వదిలిన 9:50 మనకి 11:20, అక్కణ్నుంచి 3:35 దాకా 16 గంటల 15 నిమిషాలు.

మొత్తం 23 గంటల 15 నిమిషాలు. సరిచూసుకోవడం సులువు: మన గడియారంలో ఈ తెల్లవారుజాము 4:20 నుంచి రేపటి 3:35 దాకా లెక్కపెట్టండి, అంతే వస్తుంది. అక్కడి క్యాలెండర్‌లో ఒక్క తేదీ కూడా మారలేదు, మనకి మాత్రం రోజు గడిచిపోయింది. తిరుగు ప్రయాణంలో ఇది తలకిందులవుతుంది. దిగే టైము పక్కన "+1" లేదా "+2" అని చిన్నగా రాసి ఉంటుంది. అంటే బయల్దేరిన తేదీకి ఒక రోజో రెండు రోజులో కలపమని. తీసుకురావడానికి శంషాబాద్ వెళ్లేవాళ్లు చూసుకోవాల్సింది దాన్నే.

అర్ధరాత్రి దాటాక ఉండే ఫ్లైట్ల గురించి ఒక మాట. మా బాబాయికి 15వ తేదీ రాత్రి 1:30కి దుబాయ్ ఫ్లైట్. ఆయన 15 పగలంతా బంధువులకి ఫోన్లు చేసి, సాయంత్రం పప్పు, ఆవకాయతో భోంచేసి, రాత్రి పదకొండుకి తాపీగా ఎయిర్‌పోర్టుకి వెళ్లారు. విమానం అప్పటికి ఇరవై ఒకటిన్నర గంటల కిందటే ఎగిరిపోయింది. 15వ తేదీ 1:30 అంటే 14వ తేదీ రాత్రి భోజనం చేసి బయల్దేరాలి. టికెట్ రాగానే ఇంట్లో క్యాలెండర్ మీద "14 రాత్రి" అని రాసిపెట్టండి, 15 అని రాయకండి.

7. మధ్యలో ఆగేది

నాన్‌స్టాప్, డైరెక్ట్ ఒకటి కావు. నాన్‌స్టాప్ ఎక్కడా దిగదు. డైరెక్ట్ అంటే అదే ఫ్లైట్ నంబరుతో మధ్యలో ఒకచోట దిగి మళ్లీ ఎగరొచ్చు. సమయం తేడాగా కనిపిస్తే ముందు ఇదే చూడండి.

లేఓవర్, అంటే రెండు విమానాల మధ్య ఆగే సమయం, తక్కువ ఉంటే మొత్తం గంటలు తగ్గుతాయని ఆశపడతాం. పెద్దవాళ్లు వెళుతుంటే రెండు గంటల కన్నా తక్కువది నేను తీసుకోను. మూడు, నాలుగు గంటలుంటే సెక్యూరిటీ వరస, వీల్‌చైర్ కోసం ఎదురుచూపు, గేటు వెతుక్కోవడం టెన్షన్ లేకుండా అయిపోతాయి. రెండు ముక్కలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ నష్టం మీదే.

న్యూయార్క్‌లోనో షికాగోలోనో దిగి అక్కణ్నుంచి డాలస్ వెళ్లేలా ఉంటే, సాధారణంగా అమెరికాలో దిగిన మొదటి ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవుతుంది. అక్కడే సూట్‌కేసులు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ ఇవ్వాలి. ఆ లేఓవర్ మూడు గంటలకి తగ్గకూడదు. అబుదాబిలో సంగతి వేరు. 2014 నుంచి అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే చేసేస్తారు. కాబట్టి అమెరికాలో దిగాక ఆ వరస ఉండదు, కాకపోతే ఆ సమయం అబుదాబి లేఓవర్‌లోంచి పోతుంది.

8. గుమ్మం నుంచి గుమ్మానికి

ఇక అంకుల్ లెక్క. తెల్లవారుజామున 4:20 ఫ్లైట్‌కి మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి, ఇంటి నుంచి గంట, కాస్త వెసులుబాటు. అంటే రాత్రి 12కి ఇంట్లోంచి కదలాలి. బయల్దేరడానికి ముందే 4 గంటల 20 నిమిషాలు. ప్రయాణం 23:15. డాలస్‌లో ఇమిగ్రేషన్, సామాను కలిపి గంటా ముప్పావు అనుకుందాం. ఫ్రిస్కోకి కారులో 40 నిమిషాలు. కలపండి: సరిగ్గా 30 గంటలు. ఒకటింపావు రోజు! అంకుల్‌కి ఆ తర్వాత కాఫీ ఇచ్చి మరీ ఒప్పుకున్నాను.

ఈ లెక్క దగ్గరి ఊళ్లకి ఇంకా ముఖ్యం. విజయవాడ గాలిలో దాదాపు 265 కిలోమీటర్లు, ఫ్లైట్ గంట. ఎల్‌బీ నగర్‌లో ఉన్నవాళ్లకి శంషాబాద్ చేరడానికి ముప్పావు గంట, రెండు గంటల ముందు చేరడం, గంట ప్రయాణం, సామానుకి ఇరవై నిమిషాలు, గన్నవరం నుంచి బెంజ్ సర్కిల్‌కి నలభై నిమిషాలు. నాలుగుముప్పావు గంటలు. అదే ఎల్‌బీ నగర్‌లో కారెక్కితే హైవే ఇంటి ముందే ఉంది, దారిలో టీకి ఆగినా దాదాపు అంతే. విజయవాడకి ఫ్లైట్ ఎక్కి ఏం మిగులుతుందో నాకైతే అర్థం కాదు. విశాఖకొచ్చేసరికి కథ మారుతుంది. వందేభారత్‌కే ఎనిమిదిన్నర గంటలు పడుతుంది, ఫ్లైట్‌లో ఇంటి నుంచి ఇంటికి అయిదు లోపే.

9. బయల్దేరే ముందు

ఫ్లైట్ నంబరు తెలిశాక ఫ్లైట్‌రాడార్24లో ఆ నంబరు కొట్టండి. గడిచిన వారంలో రోజూ అది ఎన్నింటికి ఎగిరింది, ఎన్నింటికి దిగింది కనిపిస్తుంది. టికెట్ మీది గంటలకీ అక్కడి గంటలకీ ఉన్న తేడాయే మీకు కావాల్సిన అసలు సమాచారం. వారంలో నాలుగు రోజులు మొదటి విమానం గంట ఆలస్యంగా దిగుతుంటే, రెండు గంటల లేఓవర్ నిజానికి ఒక గంటే.

చివరికి నాన్నకి ఒక కాగితం మీద అన్నీ మన టైములోనే రాసిచ్చాను: ఎప్పుడు ఎక్కడం, ఎప్పుడు దిగడం, ఎప్పుడు భోజనం. పక్కనే బీపీ మాత్ర వేసుకోవాల్సిన రెండు టైములు కూడా, డాక్టర్‌ని అడిగి. ఒకటింపావు రోజులో "ఉదయం మాత్ర" రెండుసార్లు వస్తుంది, అక్కడి గడియారం చూస్తే ఒకటి ఎగిరిపోతుంది. నాన్న ఫ్రిస్కో చేరాక కూడా మూడు రోజులు వాచీ మార్చలేదట.